ఖర్చు లేని సభ

దొర పట్నం పారిపోయిన నాటి నుంచి ఊళ్లో వెట్టి లేదు. సంఘం వాళ్లు దండోరా వేయించి మరీ ఆ మాట చెప్పారు. దండోరా వేసినవాడికి కూలి ఇచ్చారా అని మాత్రం ఎవరూ అడగలేదు. వేసింది మాదిగ దానియేలు. దొర హయాంలోనూ డప్పు అతనిదే, ఊరూరా కబురు మోసే కాళ్లూ అతనివే.

లింగాల ఘనపూర్‌కు ఆమడ దూరంలో ఉన్న ఆ ఊళ్లో, దొర ఉండిన గడిలో ఇప్పుడు గ్రామరాజ్యం సభ కూర్చుంటోంది. భూములు పంచడం, తగాదాలు తీర్చడం, కాపలాకు ఎవరు పోవాలో తేల్చడం, అన్నీ అక్కడే. ఇన్ని చూసే సభకు తన బాగోగులు చూసేవాళ్లు వద్దా? చాపలు, దీపాల నూనె, తాగే నీళ్లు, పొరుగూళ్ల నుంచి వచ్చినవాళ్లకు తిండి, ఇవి చూడడానికి ముగ్గురితో ఇంతజాం కమిటీ అని ఒకటి వేసుకున్నారు. దానికి పెద్ద భిక్షపతి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్లతో ఈ కథ ఎప్పుడో అయిపోయేది.

సభకు వండేది కుమ్మరి బాలనర్సమ్మ. ఆమెను ఎవరూ పెట్టలేదు. మొదటిరోజు గడి నిండా జనం కూర్చున్నప్పుడు ఎవరో గొంతు ఎండిపోతోందన్నారు. ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చెయ్యి దానంతట అదే కడవ మీదికి పోయింది. గడికి చుట్టాలు వస్తే కొత్త కుండలు తేవడం, నీళ్లు చేదడం, వండి పెట్టడం కుమ్మరివాళ్ల వంతు. అత్త చేసింది, అత్త తర్వాత ఇరవయ్యేళ్లుగా తను చేసింది. దొర పోయాడన్న సంగతి ఆమె చెవికి తెలుసు గానీ చేతికి ఇంకా తెలియలేదు. ఆ రోజు నీళ్లు, మర్నాడు జొన్న గటుక, ఆ తర్వాత సభ అంటే చాలు, పొయ్యి దగ్గర నర్సమ్మే. మొగుడు పోయిన ఒంటి మనిషి, ఇంట్లో అడిగేవాళ్లు లేరు కదా!

అలసట ఆమెకు కొత్త కాదు. కానీ ఈ ఏటి అలసట వేరుగా ఉంది. పొగకు కళ్లు మండుతుంటే తెడ్డు పట్టుకునే కునుకు తీసేది. మోకాళ్లు పట్టేస్తే గోడ పట్టుకుని లేచేది. రజాకార్ల భయం ముదిరి సభ రోజూ కూర్చోవడం మొదలైనాక ఆ కునుకూ కరువైంది.

చెరువు కింద ఎకరం భూమి సభే ఆమెకు ఇచ్చింది. ఆ రోజు మడిలో కూర్చుని మట్టి ఒళ్లో వేసుకుని ఏడ్చింది. అయితే ఒక కట్టుబాటు ఉంది. నాటు పడకుండా బీడు పెట్టిన భూమి సభకు వాపసు పోతుంది. మంచి కట్టుబాటే, ఊళ్లో ఆకలి అంత ఉంది. నర్సమ్మ నారు పోసింది, మడి దున్నించింది. నాటుకు మనుషులను పిలుచుకున్నప్పుడల్లా సభ వచ్చి పడేది. నారు ముదిరి కొసలు పసుపెక్కుతున్నాయి. కమిటీలో రెండోవాడు, తండా మనిషి లింగ్యా ఒక మధ్యాహ్నం ఆగి చెప్పాడు.

"అక్కా, రేపు సభల బీడు భూముల ముచ్చట తీస్తరు. నీ మడి గూడ ఉన్నది."

 ఆమె నేరుగా భిక్షపతి కొట్టానికి పోయింది. ఆయన ఎద్దులకు గడ్డి వేస్తున్నాడు. ఆయన కళ్ల కింద కూడా నల్లటి చారలున్నాయి.

"భిక్షపతన్నా, నా మడి తీసుకుంటరంట?"

"కట్టుబాటు ఎవలికైనా ఒక్కటే నర్సక్కా. ఇయ్యాల నీకు సడలిస్తే రేపు దొర సుట్టాలు అడుగుతరు. రేపే నాటు పెట్టు, ఎవలేమంటరు?"

"రేపు గూడ సభనే గదా? మరి వంట?"

భిక్షపతి తల గోక్కున్నాడు. "గదీ నిజమే. సభ అయిపోనీ, మా కమిటీల ఇచారం జేస్తం."

"సభ అయినంక ఇచారం జేస్తే నా మడి ఉంటదా అన్నా?"

ఆయన ఇంకో గడ్డి మోపు అందుకుని ఎద్దుల వైపు తిరిగాడు. ఆమె ఇంటికి పోయింది.

మర్నాడు పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి, తెడ్డు చేత్తో పట్టుకునే సభ వెనక నిలబడింది. భిక్షపతి లేచి సభ తన మీద తాను పెట్టుకున్న ఖర్చు చెప్పాడు. నూనెకింత, జొన్నలకింత. చివర గొంతు పెంచి, "పనోళ్ల ఖర్చు మాత్రం ఏమి లేదు!" అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. ఆ వెంటనే బీడు భూముల మాట వచ్చింది, బాలనర్సమ్మ పేరు వచ్చింది.

ఆమె తెడ్డుతోనే ముందుకు వచ్చింది. 

"పనోళ్ల ఖర్చు ఏమి లేదంటివి. ఎందుకు లేదో జెప్పకపోతివి. నేను వండుతున్న గనుక లేదు. దానేలు ఉరుకుతున్నడు గనుక లేదు. దొరకు గూడ మా ఖర్చు ఏమి లేకుండె."

 ముందు వరుసలో ఒక ముసలాయన కోపంగా లేచాడు. "మమ్ముల దొరతోని కలుపుతవా?"

"నేను కలుపుత లేను బాపు. నా మోకాళ్లు కలుపుతున్నయి. వాటికి ఫరకు తెలుస్తలేదు."

ముసలాయన కూర్చున్నాడు. భిక్షపతి తల వంచుకున్నాడు. ఆయన నిజంగానే బాధపడ్డాడు, అందులో అబద్ధం లేదు. "తప్పు మాదే" అన్నాడు. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇకమీదట వంటా నీళ్లూ కబుర్లూ ఇంటికొక వంతు, కలిగినవాళ్లకూ లేనివాళ్లకూ ఒకటే అని తీర్మానించారు. నర్సమ్మ మడికి వారం గడువిచ్చారు. అందరి ముఖాలూ తేలికపడ్డాయి.

"వంతులు తేల్చనీకి వారం పడ్తది" అన్నాడు భిక్షపతి మెల్లగా. "గీ వారం మట్టుకు జర నువ్వే సంభాళించు అక్కా."

"అట్లనే" అంది నర్సమ్మ.

ఆ ముక్క నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. అందరికీ వడ్డించి, గిన్నెలు కడిగి, ఇంటిదారి పట్టాక సగం దూరంలో తట్టింది. నాటుకు ఇచ్చిన వారమూ, వంటకు అడిగిన వారమూ ఒకటే. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది గ్రామరాజ్యం. సభ మీద కంటే తన నోటి మీదే ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది. దారి పక్కన కూర్చుని కసితీరా ఏడ్చింది. తర్వాత లేచి పొరుగింటి సమ్మక్క దగ్గరికి పోయి, తెల్లారి నాటుకు రమ్మని పిలిచింది.

మర్నాడు సమ్మక్క, ఆమె కోడలు, నర్సమ్మ, ముగ్గురే మడిలో దిగారు. ఎకరానికి ముగ్గురు ఏం సరిపోతారు? ముదిరిన నారు వేళ్లు తెంపితే తప్ప కట్టలు విడలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సగం కూడా కాలేదు. ఒంగిన నడుము లేపడానికే భయమేసింది.

అప్పుడు చెరువు కట్ట మీద నుంచి దానియేలు పరుగెత్తుకొచ్చాడు. చెమటలు కారుతున్నాయి.

"నర్సక్కా! సభ కూసున్నది. పొయ్యి రాజెయ్యలే. నర్సింహులపేట నుంచి నలుగురొచ్చిండ్రు, జల్ది రా."

ఆమె నడుము లేపలేదు. "నిన్ను ఎవలు పంపిండ్రు దానేలూ?"

దానియేలు నోరు తెరిచాడు. భిక్షపతి పేరు చెప్పబోయి ఆగాడు. లింగ్యా పేరు చెప్పబోయి ఆగాడు. వెనక్కి తిరిగి గడి వైపు చూశాడు.

"ఎవలు పంపలే అక్కా" అన్నాడు చివరికి. "పొయ్యి సల్లగుండె. నేనే ఉరికొచ్చిన."

సమ్మక్క నవ్వబోయి, అతని ముఖం చూసి ఊరుకుంది. దానియేలు ఒడ్డు మీద చతికిలబడ్డాడు. పగిలిన పాదాలు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. వెనక్కి పోతాడేమోనని నర్సమ్మ భయపడింది. మడిలో దిగమని మాత్రం అడగలేదు. అడిగితే అదీ ఒక వెట్టే అవుతుందని నోరు కట్టేసుకుంది.

అతను లేచి పంచె ఎగ్గట్టి, నారు కట్ట ఒకటి అందుకుని మడిలో దిగాడు.

పొద్దు గూకే వేళకు మడి నిండింది. ఆ పూట గడిలో గ్రామరాజ్యం పస్తున్నది.