నంబరు మార్చి చూసినవాళ్ళు

ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉంది. కోడ్‌లో తప్పు ఎవరు చూపిస్తే, దాన్ని వాళ్ళే బాగుచెయ్యాలి. ఈ ఆచారం పెట్టినవాడెవడో గానీ మహానుభావుడు, తప్పులన్నీ ఒక్క దెబ్బకి మాయమైపోయాయి. బాగుపడి కాదు లెండి, చూసేవాళ్ళు చూడటం మానేశారు. ఒకరు రాసింది ఇంకొకరు చదివి 'సరే' అని నొక్కితేనే అది లోపలికి వెళ్ళాలని నియమం ఉండనే ఉంది. కానీ చదివే ఓపిక ఎవరికుంది? నా దానికి నువ్వు సరే అను, నీ దానికి నేను సరే అంటాను, పద, టీ తాగొద్దాం. పని అలా జరిగిపోతుండేది.

ఆ గదిలో నిజంగా కూర్చుని చదివేది ఒక్కతే. ప్రతిదానికీ ఏదో ఒక కొర్రీ పెడుతుందని అందరూ ఆమెను కొర్రీలక్క అనేవారు. వయసులో ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. వెక్కిరింతో మర్యాదో ఆమె పట్టించుకోలేదు. పట్టించుకుంటూ కూర్చుంటే చదివేది ఎప్పుడు?

అప్పుడు వాళ్ళ చేతిలో ఉన్న పని ఒక ఆశ్రయానిది. మొగుడు పెట్టే బాధలు పడలేక, పిల్లల్ని చంకనేసుకుని బయటికొచ్చేసిన ఆడవాళ్ళకి అది నీడ. ఒక్క భవనం కాదు. ఊరంతా చెదురుగా ఉన్న మామూలు ఇళ్ళు, దేనికీ బోర్డు ఉండదు. ఏ మనిషి ఏ ఇంట్లో, ఏ గదిలో ఉంది, పిల్లలు ఏ బడికి వెళ్తున్నారు, అన్నీ ఈ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటాయి. ఇన్నాళ్ళూ దాన్ని తెరిచింది ఆశ్రయం నడిపే వార్డెనమ్మ, ఆవిడ దగ్గర పనిచేసేవాళ్ళు మాత్రమే. సోమవారం నుంచి వాలంటీర్లకి కూడా తెరవబోతున్నారు. పేరు, ఫోన్ నంబరు ఇచ్చి నమోదు చేసుకుంటే చాలు, ఎవరైనా లోపలికొచ్చి తమకి అప్పగించిన పని చూసుకోవచ్చు.

ఆఫీసులో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆ ఇళ్ళలో ఒకదాంట్లో కొర్రీలక్క సొంత చెల్లెలు ఉంది. మొగుడు చెయ్యి విరిస్తే కట్టు కట్టించుకొచ్చిన పూట, దాన్ని అక్కడికి పంపింది ఈ అక్కే. "మేము చేసిన సాఫ్ట్‌వేరే అది. నువ్వెక్కడున్నావో చీమక్కూడా తెలియదు, పో," అని గొప్పగా చెప్పింది కూడాను.

వాలంటీర్ల భాగం చదవమని గురువారం ఆమెకే ఇచ్చారు. ఉత్తుత్తి వాలంటీరుగా నమోదు చేసుకుని లోపలికి వెళ్ళింది. తన పేజీ వచ్చింది. పైన ఆ పేజీ అడ్రసు చివర ఒక నంబరు ఉంది. అలవాటు కొద్దీ ఆ నంబరు మార్చి చూసింది.

ఎవరో ఒకామె పేజీ తెరుచుకుంది. ఫొటో, ఇల్లు, గది, పిల్లాడి బడి. 'నువ్వెవరు, నీకిది ఎందుకు' అని అడిగిన నాథుడు లేడు. ఇంకోసారి మార్చింది, ఇంకో ఆమె. ఇంకోసారి మార్చింది. ఈసారి తెరమీద చెల్లెలే! ఫొటోలో కూడా భయంభయంగా చూస్తోంది పిచ్చిది. కింద ఇంటి అడ్రసు, వీధి పేరుతో సహా ఉంది.

కొర్రీలక్క చప్పున ఆ పేజీ మూసేసింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

ఆ మంటలోనే మిగతాది కూడా చదివింది. ఆపద వస్తే నొక్కమని ప్రతి ఆమె ఫోన్‌లోనూ ఒక ఎర్ర మీట పెట్టారు. నొక్కితే కబురు వార్డెనమ్మకి వెళ్ళాలి. కోడ్ చూస్తే, కబురు బయల్దేరకముందే తెరమీద 'చేరింది' అని చూపిస్తోంది. సిగ్నల్ లేక అది మధ్యలో పోతే పోయినట్టే, మళ్ళీ పంపే ఊసే లేదు. కిందటి వారం చెల్లెలు ఫోన్‌లో అన్నమాట అప్పుడు అర్థమైంది. "ఎవరో గేటు బాదుతుంటే మీట నొక్కానక్కా. చేరింది అని వచ్చింది, ఎవరూ రాలేదు. నయం, గ్యాసు బండ తెచ్చినవాడు." అవతల వార్డెనమ్మకి మరచిపోయే గుణం ఉందేమో అనుకుని ఆ రోజు ఆమెనే తిట్టుకుంది కొర్రీలక్క.

నేరుగా లీడు దగ్గరికి వెళ్ళింది. ఆ బృందానికి పెద్ద ఆయనే. ఏ పని గురించి అడిగినా "అయిపోయింది" అనడం ఆయన ఊతపదం.

"సార్, నంబరు మారిస్తే ఎవరి పేజీ అయినా వచ్చేస్తోంది."

"నంబరు మార్చాలని ఎవరికి తోస్తుందమ్మా?"

"నాకు తోచింది కదా."

"నీకు తోస్తుంది, నీ పనే అది. మామూలు మనుషులు అలా చెయ్యరు."

"మామూలు మనుషులకి భయపడి వాళ్ళు దాక్కోలేదు సార్."

లీడు తల గోక్కున్నాడు. "సరే, ఆ అడ్రసు పట్టీ కనపడకుండా దాచేద్దాం. అయిపోయింది."

"తలుపు పెట్టండి మొర్రో అంటే పరదా కడతారా? మీట సంగతో మరి? కబురు పోకుండానే చేరింది అంటోంది."

"అది వాళ్ళే అడిగారు, మెల్లగా ఉందని. ఇప్పుడు వేగంగా ఉంది. సోమవారం అతిథులొస్తున్నారు, కేకు కూడా చెప్పేశాం. ఇవన్నీ తర్వాతి విడతలో చూద్దాం."

తర్వాతి విడత! ఆ విడతలో చూస్తామన్నవి పేరుకుని పేరుకుని బూజుపట్టి ఉన్నాయి. ఒక్కటైనా చూసిన పాపాన పోయారా?

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మెట్ల దగ్గర మరిది నిలబడి ఉన్నాడు, చెల్లెలి మొగుడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ళ సంచి, మొహం నిండా వినయం.

"బాగున్నారా వదినా? తను ఎక్కడుందో మిమ్మల్ని అడగను లెండి. నేను చాలా మారిపోయాను. నలుగురికీ సేవ చేద్దామని ఉంది. ఆడవాళ్ళ ఆశ్రయం ఒకటి వాలంటీర్లు కావాలని ప్రకటన ఇచ్చింది. సోమవారం నుంచి రమ్మన్నారు, పేరిచ్చాను."

ఆమె గబగబా మెట్లెక్కింది. "ఆ పళ్ళు నువ్వే తిను," అని తలుపు వేసుకుంది. లోపల గోడకి ఆనుకుని, ఆ ప్రకటన ఇచ్చినవాళ్ళని, ఇప్పించినవాళ్ళని, అన్నిటికీ సరే అన్నవాళ్ళని పేరుపేరునా తిట్టింది. వార్డెనమ్మకి ఫోన్ చేసి వీణ్ణి రానివ్వద్దని చెప్పొచ్చు. వీడొక్కణ్ణి ఆపితే సరా? ఇంకో సిమ్ కొనుక్కోవడం వీడికి ఎంతసేపు?

పొద్దున్నే వెళ్ళి లీడుకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. చెల్లెలి సంగతి, మరిది సంగతి, అంతా చెప్పింది. మనిషన్నవాడు ఇది విన్నాక కదలకుండా ఉంటాడా అనుకుంది.

లీడు కదిలాడు. నేరుగా మేనేజరు గదికి వెళ్ళాడు. ఇద్దరూ తలుపేసుకుని మాట్లాడుకున్నాక లీడు బయటికొచ్చి, "ఇందులో నీ సొంత ప్రయోజనం ఉంది. అలా ఉన్నవాళ్ళు సమీక్ష చెయ్యకూడదని నియమం. నిన్ను దీన్నుంచి తప్పిస్తున్నాం. ఇంటి గొడవలు ఆఫీసుకి తేకూడదమ్మా," అన్నాడు ఎంతో నెమ్మదిగా.

చదివి నొక్కాలన్న నియమం ఇన్నేళ్ళలో ఒక్కరికీ గుర్తురాలేదు. ఇది మాత్రం కంఠతా వచ్చు! నిజం చెప్పినందుకు ఆమెకి దక్కిన బహుమానం అదీ.

"సమీక్షే కదా చెయ్యకూడదు," అంది కొర్రీలక్క. "బాగుచెయ్యకూడదని లేదుగా. తప్పు చూపించినవాళ్ళే బాగుచెయ్యాలని మీ ఆచారమేగా? చేస్తా."

కూర్చుంది. ఎవరు ఏ పేజీ అడిగినా, అది అడిగే హక్కు ఆ మనిషికి ఉందో లేదో ప్రతిసారీ చూసి, లేదంటే పొమ్మనేలా రాసింది. పొమ్మన్న ప్రతివాడూ ఎవడో, ఏ ఫోన్ నంబరుతో వచ్చాడో నమోదయ్యేలా కూడా రాసింది. అవతలి ఫోన్‌కి నిజంగా అందాకే 'చేరింది' అని చూపించేలా, అందకపోతే అందేదాకా పంపుతూనే ఉండేలా మీటని మార్చింది. కానీ ఎంత రాసినా, ఇంకొకరు సరే అననిదే అది లోపలికి వెళ్ళదు. రోజూ కళ్ళు మూసుకుని సరే అనే వాళ్ళందరూ ఆ రోజు హఠాత్తుగా జాగ్రత్తపరులైపోయారు. ఒకడికి తలనొప్పి. ఒకడు "లీడు వద్దన్నాడక్కా." ఇంకొకతె బాత్రూమ్‌లోంచి బయటికే రాలేదు.

చివరికి సరే బాబాయి దగ్గరికి వెళ్ళింది. అందరికన్నా పెద్దవాడు. ఎవరు ఏది తెచ్చినా పక్కకి కూడా చూడకుండా సరే నొక్కి, మళ్ళీ తన పదకేళిలో పడిపోయే మనిషి. ఈసారీ అలాగే చెయ్యి చాపాడు.

నొక్కనిస్తే పనైపోయేది. ఆమె మాత్రం మౌస్ లాగేసుకుంది.

"చదవండి బాబాయ్."

"ఎందుకే, నువ్వు రాసిందేగా?"

"అందుకే చదవండి. చదవకుండా నొక్కే కదా ఇంతదాకా తెచ్చారు! ఆ పాత పేజీకి సరే అన్నది ఎవరో చూశాను. మీరే."

బాబాయి మొహం మాడిపోయింది. కళ్ళజోడు తుడుచుకున్నాడు. చదవడం మొదలుపెట్టాడు. భోజనానికి లేవలేదు. మధ్యమధ్య "ఇదెందుకు?" "ఇది లేకపోతే ఏమవుతుంది?" అని పొడిగా అడిగాడు. ఆమె చెప్పింది. ఎండ కిటికీ దాటి పోయాక ఆయన వేలు ఒకచోట ఆగింది.

"అన్ని పేజీలకీ కాపలా పెట్టావు బాగానే ఉంది. మరి ప్రింటు తీసుకునే పేజీకో? అది వేరే దారిలో వస్తుంది కదే. అక్కడ నంబరు మారిస్తే?"

కొర్రీలక్క ఆ పేజీ కోడ్ తెరిచింది. మారిస్తే వచ్చేస్తుంది! ఫొటోతో, అడ్రసుతో, మడిచి జేబులో పెట్టుకునేలా చక్కగా కాగితం మీద వస్తుంది. ఇంత తిట్టి, ఇంత ఎగిరి, తను కూడా ఒక తలుపు బార్లా వదిలేసింది. సిగ్గుతో చచ్చిపోయింది. గబగబా అదీ సరిచేసింది. బాబాయి మళ్ళీ మొదట్నుంచీ చదివి అప్పుడు నొక్కాడు.

లీడు పరిగెత్తుకొచ్చాడు. "ఎవర్నడిగి పెట్టారు? వెనక్కి తీసేస్తా!"

"తియ్యి నాయనా," అన్నాడు బాబాయి. "తీస్తే కారణం రాయాలిగా. 'ఎవరైనా చూసేలా ఉండటమే మంచిది' అని నీ పేరు పెట్టి రాయి."

లీడు కాసేపు తెరవంక చూశాడు. రాయలేదు. "అయిపోయింది" అని కూడా అనలేదు, పాపం.

సోమవారం అతిథులొచ్చారు. కేకు కోశారు. చప్పట్లు కొట్టారు. అతిథులు వెళ్ళాక ప్లేటు చేత్తో పట్టుకుని లీడు ఆమె కుర్చీ వెనక్కొచ్చాడు. తెరమీద, ఎవరి పేజీనో తెరవబోయి తిరస్కారం పొందినవాళ్ళ ఫోన్ నంబర్లు వరసగా ఉన్నాయి. ఆమె మరిది నంబరు కోసం వెతుకుతోంది. దొరికింది. వాడొక్కడిదే ఉంటుందనుకుంది. ఎంత కిందికి జరిపినా తెర నిండుతూనే ఉంది.

"చూశావా, మన సిస్టం ఎంత గట్టిదో!" అన్నాడు లీడు ఉత్సాహంగా. "దీన్ని రేపటి ప్రెజెంటేషన్‌లో పెడదాం."

ఆమెకి కోపం నషాళానికి అంటింది. "వీళ్ళు మీకు ప్రెజెంటేషనా? ఇంతమంది మగాళ్ళు పొద్దున్నే స్నానం చేసి, సేవ చేస్తామని పేరిచ్చి, కూర్చుని ఒక్కో నంబరూ మార్చుకుంటూ పెళ్ళాల్ని వెతికారు. మామూలు మనుషులు! సిగ్గులేదూ మనకి?"

"అరవకు. ఇవన్నీ కస్టమర్‌కి చెప్పి భయపెట్టకు."

ఆమె అప్పటికే వార్డెనమ్మకి ఫోన్ కలిపింది. ఆవిడ ఆ పూట చెల్లెలున్న ఇంట్లోనే ఉంది. విషయమంతా వింది. "మీ చెల్లెలు పక్కనే ఉంది, వింటోంది. నువ్వే చెప్పమ్మా," అని ఫోన్ ఇచ్చింది.

"అక్కా, ఆయన ఉన్నాడా?"

"ఉన్నాడే. మొదటి నంబరు నుంచి చివరిదాకా నొక్కాడు. ప్రింటు పేజీ కూడా వదల్లేదు. దేన్లోకీ దూరలేకపోయాడు."

వెనక బాబాయి కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

చెల్లెలు ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. "ఇక్కడ ఇంకో ఆవిడ ఉంది, వాళ్ళాయనది కూడా చూస్తావా?" అంది. ఒక కొత్త గొంతు వచ్చి, ఎక్కడా తడుముకోకుండా ఒక ఫోన్ నంబరు గడగడా చెప్పింది.

"ఉన్నాడమ్మా."

ఇంకో గొంతు. ఇంకో నంబరు.

"లేడమ్మా."

"సరిగ్గా చూశావా తల్లీ? ఆయన రాకుండా ఉండడు. మళ్ళీ చూడు."

బాబాయి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఇద్దరూ ఒక్కో అంకె పైకి చదువుతూ మళ్ళీ మొదట్నుంచీ చూశారు. కొర్రీలక్క ఫోన్ బల్లమీద పెట్టి స్పీకరు నొక్కింది. టీ కప్పులతో కబుర్లాడుతున్నవాళ్ళు మాటలాపి ఇటు తిరిగారు.

"స్పీకరు ఆపు, అందరూ వింటున్నారు," అన్నాడు లీడు.

"విననివ్వండి."

అవతల ఆడవాళ్ళు వరస కట్టినట్టున్నారు, ఒకరి తర్వాత ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఉన్నాడమ్మా. ఉన్నాడు. లేడు. ఉన్నాడమ్మా. అంతలో ఫోన్ ఎవరో కిందికి దించిన చప్పుడైంది.

"మా నాన్నది కూడా చూస్తారా?" అంది ఒక చిన్నపిల్ల గొంతు. నంబరు దానికీ నోటికొచ్చు.