కిటికీ పక్క బల్ల

తెడ్డు సంచిలో పట్టలేదు. చీరలు, స్వెట్టరు, బీపీ మాత్రలు, బైబిలు, పొట్లం కట్టిన వేయించిన సెనగలు అన్నీ అమరాయి. తెడ్డు పిడి మాత్రం మూరెడు బయటికి వచ్చి జిప్పు పడనివ్వలేదు. దాన్ని తీసి మంచం మీద పెట్టాను. పుష్పలత వదిన మళ్ళీ సంచిలో పెట్టింది.

"పదిహేను రోజులకి తెడ్డెందుకు వదినా? అలేఖ్య ఇంట్లో గరిటెలు లేవా?"

"ఉంటాయిలేవే. ఇది నా చేతికి అలవాటు."

పుష్పలత వదిన నా భర్తకి అక్క. మగవాళ్ళిద్దరూ పోయాక మేమిద్దరం ఈ పరాయి దేశంలో, మనురేవా అనే ఊళ్ళో మా అబ్బాయి మధుసూదన్ ఇంట్లో ఒకే గదిలో ఉంటున్నాం. వాడు బస్సు నడుపుతాడు. వదిన కూతురు అలేఖ్య బస్సులో నాలుగు గంటల దూరానున్న టౌరంగాలో నర్సు. ఎవరు సంచి సర్దుకున్నా నాకు చేతులాడవు. అందుకే ఆ పని నేనే ముందు మీద వేసుకుంటాను.

ఆ తెడ్డుతోనే వదిన ఏటేటా మా తెలుగు సహవాసానికి ఈస్టర్ బిర్యానీ కలిపేది. ఆదివారం మధ్యాహ్నాలు ఒక బడి హాలు అద్దెకి తీసుకుని మేమంతా ఆరాధనకి కూడతాం. గుంటూరు వైపు నుంచి వచ్చిన మాబోటి వాళ్ళమే ఎక్కువ. మా తాతలు ప్రభువుని నమ్ముకోవడానికి మొదటి కారణం భోజనపు బల్ల. ఊళ్ళో పెద్దకులాలవాళ్ళు మావాళ్ళని దూరంగా కూర్చోబెట్టి, వేరే గ్లాసులో పోసేవారు. మిషన్ దొరసాని తన బల్ల దగ్గరే కూర్చోబెట్టి తనతో పాటు వడ్డించింది. ఈ సంగతి మా ఇళ్ళల్లో పిల్లలకి పాటలకంటే ముందు చెబుతారు.

అంతకుముందు ఆగస్టులో అలేఖ్య రెండో కాన్పుకి వదిన టౌరంగా వెళ్ళింది. తిరిగి వచ్చాక టీలో పాలు వద్దంది. షుగరేమో అనుకున్నాను. గుడ్డు వద్దంది, మాంసం వద్దంది. ఉల్లిపాయలు తరుగుతూ ఒకనాడు తనే చెప్పింది.

"అలేఖ్య ఇంటి వెనక పాలఫారం ఉంది సుగుణా. ఈనిన మర్నాటికి దూడని లాగేస్తారు. పెంచుకునేవి పెంచుకుంటారు. తక్కినవాటిని రోడ్డు పక్క కొట్టంలో పెడితే కబేళా లారీ వస్తుంది. ఆవులు కంచె పట్టుకుని అరుస్తా ఉంటాయి. నేనేమో లోపల అలేఖ్య బిడ్డకి నీళ్ళు పోస్తన్నా."

అంతకుమించి దాని గురించి చెప్పలేదు. మా మనవరాలు ప్రణీత మాత్రం సంబరపడింది. "అది వెజ్ కాదు నానమ్మా, వీగన్ అంటారు" అని నాకు నేర్పింది.

నాకు భయం వేసింది. వాక్యంలో ఎక్కడుందో చూపించమన్నాను.

"మొదట తోటలో దేవుడు తినమని ఇచ్చింది కాయలూ గింజలేగా?"

"జలప్రళయం తర్వాత మాంసమూ ఇచ్చాడుగా వదినా?"

"ఇచ్చాడు. మారాం చేసే పిల్లాడికి ఇచ్చినట్టు. ఆఖరికి సింహం కూడా గడ్డి తింటదని ఉంది. సింహమే మానేస్తదంట, నేను మానలేనా?"

"ప్రభువు చేపలు తిన్నాడు."

"ఆకలిగా ఉన్నోళ్ళకి పంచాడు కూడా. మనకిప్పుడు ఆకలిగా ఉందా? ఫ్రిజ్ తలుపు పడట్లేదు."

"పేతురుకి దర్శనంలో దుప్పట్లో అన్ని జంతువుల్నీ దించి, చంపుకుని తినమన్నాడుగా మరి?"

వదిన కత్తిపీట మీద నుంచి తలెత్తింది. "ఆ దర్శనం కూర గురించి కాదే. ఎవరింటికి వెళ్ళాలా, ఎవరి పక్కన కూర్చోవాలా అన్నదాని గురించి. పేతురు లేచి ఎక్కడికెళ్ళాడో చూడు. అంతవరకు గడప తొక్కనివాళ్ళ ఇంటికి."



ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమకాలం నలభై రోజులూ ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజుల్లో మాలో చాలామంది మాంసం ముట్టరు కాబట్టి వదిన అందరిలో కలిసిపోయింది. ఈస్టర్ దగ్గర పడ్డాక పాస్టర్ కిషన్‌రావు గారితో చెప్పింది.

"ఈసారి బిర్యానీ నేను కలపను పాస్టరుగారూ. బయట నుంచి తెప్పించండి. నేను సెనగల పలావు చేస్తా, నెయ్యీ పెరుగూ లేకుండా. అందరితో కలిసి తింటా. అది మాత్రం మానను."

"ఈస్టర్ నాడు కూడా శ్రమకాలమేనా అత్తా?" అని మధుసూదన్ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

ఈస్టర్ రోజు ఆరాధన అయ్యాక హాల్లో పొడుగ్గా బల్లలు కలిపి వేశారు. కిటికీ పక్కన మాత్రం ఒక చిన్న బల్ల విడిగా ఉంది. దాని మీద తెల్లగుడ్డ, గాజు గ్లాసులో పూలు, వేరే గరిటెలు, "ప్యూర్ వెజ్" అని రాసిన అట్టముక్క. ఆ ఏర్పాటంతా నిరుపమది. ఆమె, భర్త శశాంక్ హైదరాబాదు నుంచి వచ్చిన ఐటీవాళ్ళు. కొత్తగా ప్రభువుని తెలుసుకున్నారు. పుట్టుక నుంచీ మాంసం ఎరగరు. మంచి పిల్ల. పొద్దుటి నుంచి ఆ బల్ల కోసమే కష్టపడింది.

"ఆంటీ, మీరు ఇక్కడ కూర్చోండి. అక్కడ స్మెల్ వస్తుంది. ఇన్నాళ్ళూ మేమిద్దరమే అనుకున్నాం, మీరు కలిశారు, ఐయామ్ సో హ్యాపీ."

వదిన ఆ బల్లని, ఆ అట్టముక్కని చూసింది. పూల గ్లాసు తీసి పక్కన పెట్టి, అప్పటికే ఆ బల్ల మీద చేర్చిన తన పలావు గిన్నె రెండు చేతులా ఎత్తుకుంది.

"నీ మనసు మంచిది తల్లీ. నేను అక్కడ కూర్చుంటా. నువ్వూ రా."

నిరుపమ రాలేదు. ఆమెకి నిజంగానే ఆ వాసన పడదు.

వదిన పెద్ద బల్ల మధ్యలో నా ఎదురుగా కూర్చుంది. పక్కన కూర్చున్న బంటి, కాలేజీ కుర్రాడు, "సారీ ఆంటీ" అంటూ తన బిర్యానీ పళ్ళెం తీసుకుని రెండు కుర్చీలు అవతలకి జరిగాడు. మర్యాదకే జరిగాడు. ఇటుపక్కనున్న తల్లీకూతుళ్ళు కూడా జరిగారు. వదినకి రెండు వైపులా కుర్చీలు ఖాళీ అయ్యాయి.

"జరగబాకండి. నాకేం ఇబ్బంది లేదు" అంది వదిన.

"పర్లేదాంటీ, పర్లేదాంటీ" అన్నారు వాళ్ళు దూరం నుంచి.

బల్ల చివర నుంచి మా సహవాసపు పెద్ద ఈశ్వరరావు గారు గొంతెత్తారు. "ఏం చెల్లెమ్మా, బాప్తిస్మం వెనక్కిచ్చేశావా? ఊళ్ళోవాళ్ళలో కలిసిపోయావా ఏంటి? మన ముక్క అంత చేదయిందా?"

కొందరు నవ్వారు. వదిన నవ్వలేదు.

"మీ పళ్ళెం నాకు పనికిరాదని అన్నానా అన్నయ్యా? నా పళ్ళెం మీ పక్కన పెట్టుకుంటానంటున్నా."

"అదేనమ్మా బాధ. మీ నాన్నా మా నాన్నా తిన్న తిట్లన్నీ ఈ ముక్క కోసమే. నువ్వు అలా చూస్తా కూర్చుంటే గొంతు దిగదు."

"నేను చూడట్లేదు. తింటన్నా."

"చూసినట్టే ఉంటదమ్మా."

ఆయన అది కోపంతో అనలేదు. వదిన తలొంచుకుని పళ్ళెంలోది పూర్తిగా తింది. నేను లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుని పలావు పెట్టించుకున్నాను. బాగుంది. ఇంకెవరూ రాలేదు. గిన్నె సగానికి పైగా ఇంటికి తిరిగొచ్చింది. ఆ వారమంతా మేమిద్దరం, ప్రణీత అదే తిన్నాం.

మర్నాడు పాస్టరు గారు ఫోన్ చేసి, వచ్చే పండక్కి కిటికీ పక్క బల్ల ఇంకా పెద్దది వేయిస్తామని, వదిన దాన్ని నడిపించాలని అడిగారు. గౌరవంగానే అడిగారు. "ఆలోచిస్తానయ్యగారూ" అని ఆమె ఫోన్ పెట్టేసి, అలేఖ్యకి చేసింది. టౌరంగాలో కివీపండ్ల కోతలు మొదలయ్యాయనీ, అల్లుడికి తోటల్లో పని ఎక్కువైందనీ, బిడ్డని చూసుకోవడానికి మనిషి కావాలనీ నాతో చెప్పింది. అబద్ధం కాదు.

జిప్పు ఎంతకీ పడకపోతే చివరికి తెడ్డుకి పాత తువ్వాలు చుట్టి సంచి పక్కకి తాడుతో కట్టాను. మధుసూదన్ ప్రయాణపు ప్రార్థన చేశాడు. ఆమేన్ అన్నాక నేను అడిగాను.

"ఎప్పుడొస్తావు వదినా?"

"పెంతెకొస్తు పండక్కి వస్తాలే."

"దానికింకా ఆరు వారాలుంది. పదిహేను రోజులన్నావుగా?"

"ఏమే, లెక్కలు కడతన్నావా నాకు?" అంటూ నా బుగ్గ గిల్లింది. ఆ వయసులో నా బుగ్గ గిల్లేవాళ్ళు ఇంకెవరూ లేరు.

తర్వాత ఫోన్లో మాట్లాడేది. అక్కడ ఈ దేశపువాళ్ళ, అదే కివీవాళ్ళ చర్చికి వెళ్తున్నానంది. ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చి ఒకే బల్ల మీద పెడతారట. ఎవరు ఏది తిన్నా ఎవరూ జరగరట. తెలుగు పాట ఒక్కటీ ఉండదట. "అన్నీ ఒకచోట దొరకవులేవే" అంది. పాలఫారం గురించి అడిగితే, పోయినసారి ఆ అరుపులకి గది కిటికీ మూసుకున్నాననీ, ఈసారి దూడల వేళకి మూయకుండా కూర్చుంటాననీ అంది. 

పెంతెకొస్తుకి మా హాల్లో కిటికీ పక్క బల్ల వేశారు. నిరుపమ, శశాంక్ కూర్చున్నారు. మూడో కుర్చీ కూడా ఉంచారు.

పుష్పలత వదిన రెండువేల ఇరవై నాలుగు ఏప్రిల్ ఆరో తేదీ, శనివారం పొద్దున టౌరంగా బస్సెక్కింది. అదే ఏడాది సెప్టెంబరులో అక్కడే పోయింది. మనురేవాకి తిరిగి రాలేదు.