ఫొటో బూట్లు

చైర్మన్ బల్ల ముందు మా అక్క ఒంటికాలి మీద నిలబడి ఉంది. రెండో కాలు నేలకు ఆనితే ప్రాణం పోయేంత నొప్పి. గదిలో ఆరు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చోమని ఒక్కడూ అనలేదు. పైగా చైర్మన్ జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఆయన పట్టణపు మురికే మా అక్క కాల్లో కుళ్లుతోంది. ఆ వాసన ఆయనకు పడలేదు.

నాలుగు రోజుల కింద మేమిద్దరం కాలువలో పూడిక తీస్తుంటే, పగిలిన ట్యూబులైటు ముక్క అక్క అరికాల్లో దిగింది. పాదం ఉబ్బింది, చీము పట్టింది, వేళ్లు నల్లబడ్డాయి. డాక్టరు చూసి, రేపు సాయంత్రంలోగా ఆపరేషన్ జరిగితే రెండు వేళ్లతో పోతుందని, ఆలస్యమైతే మోకాలి దాకా తీసెయ్యాలని చెప్పాడు. పనిలో తగిలిన దెబ్బేనని మున్సిపాలిటీ కాగితం ఇస్తేనే ఆస్పత్రిలో చేర్చుకుంటారు. ఆ కాగితం కోసమే వచ్చాం.

"ఒట్టి కాళ్లతో కాలువలోకి ఎవరు దిగమన్నారు?" అన్నాడు చైర్మన్.

"మేస్త్రీ దిగమన్నాడండి."

"బూట్లేమయ్యాయి?"

"మాకు బూట్లెక్కడివండీ?" అంది అక్క.

ఆయన సొరుగు లాగి పోయిన నెల కరపత్రం బల్ల మీద పడేశాడు. చైర్మన్ ప్రతి నెలా ఒకటి అచ్చు వేయిస్తాడు. ఏ నిధి వచ్చింది, ఏ వీధికి దీపాలు పెట్టారు, ఎక్కడ కుళాయి వేశారు, అన్నీ నున్నటి కాగితం మీద రంగుల్లో ఉంటాయి. ఇంటింటికీ పంచేది చెత్త ఎత్తే మేమే. ఇవాళ గుమ్మంలో ఇస్తాం, రేపు అదే కాగితం ఎంగిలి మెతుకులతో కలిసి మా బండిలోకి వస్తుంది. ఆరేళ్లు పంచాను. తలుచుకుంటే నా చేతుల మీద నాకే రోత పుడుతుంది.

కరపత్రం మీద పెద్ద అక్షరాలు: "సంక్షేమ నిధితో పారిశుద్ధ్య సిబ్బందికి బూట్ల పంపిణీ పూర్తి." కింద ఫొటో. ముందు వరసలో మా అక్క. మోకాళ్ల దాకా నల్ల బూట్లు, మొహం నిండా నవ్వు.

"ఇది నువ్వే కదూ? ఇచ్చినవి అమ్ముకుని తిని, ఇప్పుడు కాలు చూపించి కాగితం అడుగుతావా? రేపట్నుంచి పనిలోకి రాకు."

ఆ ఫొటో సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ఆ రోజు వ్యాన్లో బూట్లు వచ్చాయంటే మా ముప్పై రెండు మందిమీ తలలు దువ్వుకుని, పెళ్లిళ్లకు దాచుకున్న చీరలు కట్టుకుని వెళ్లాం. ఫొటో తీయగానే మేస్త్రీ, "విప్పండి విప్పండి, రెండో వార్డు వాళ్లు కాచుకుని ఉన్నారు" అన్నాడు. ఏడు వార్డులకూ అవే ముప్పై రెండు జతలు. మేం కిక్కురుమనలేదు. బూట్లకంటిన మట్టిని కొంగులతో తుడిచి మరీ ఇచ్చాం. అక్కయితే కరపత్రాన్ని ఇంట్లో గోడకు అంటించుకుంది.

అక్కను ఆస్పత్రి వరండాలో పడుకోబెట్టి చెత్త షెడ్డు వెనక్కి పరుగెత్తాను. పని దిగి అందరూ అక్కడే ఉన్నారు. జరిగింది చెప్పాను. అందరం కలిసి పని మానేద్దామన్నాను.

"మానితే మధ్యాహ్నానికల్లా కాంట్రాక్టరు కొత్తవాళ్లను దింపుతాడు," అన్నాడు తాత. మాలో పెద్దవాడు, మేమంతా అలాగే పిలుస్తాం. "మన పొట్ట మనమే కొట్టుకుంటామా?"

"అయితే రేపు మళ్లీ పళ్లికిలిద్దామా?" ట్రాక్టరు నడిపే అన్న లేచాడు. "రెండో విడత నిధి రావాలంట. పొద్దున్నే ఫొటోకు రమ్మన్నాడు మేస్త్రీ. దాని కాలు పోతుంటే మనం సింగారించుకుని నిలబడాలి. థూ!"

"ఆ రోజు నవ్విందెవరు? మనం కాదా?" అంది ఒక వదిన. "ఇప్పుడు మన మాట ఎవడు నమ్ముతాడు?"

ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం. అరిచి అరిచి నాకు గొంతు పోయింది. చివరికి అన్నాను: "ఫొటోకు వెళ్దాం. బూట్లు వేసుకుందాం. విప్పొద్దు."

 వదిన పకపకా నవ్వింది.

మర్నాడు పొద్దున ఫొటోగ్రాఫరు "నవ్వండమ్మా" అని ఎంత బతిమాలినా ఒక్క పెదవి కదలలేదు. అక్క చోటు ఖాళీగా ఉండకూడదని మేస్త్రీ ఆఫీసు ఊడ్చే ఆమెను తెచ్చి నిలబెట్టాడు. ఆమె కూడా నవ్వలేదు. ఫొటో అయింది.

"విప్పండి."

"విప్పం."

మేస్త్రీ తాత వైపు తిరిగాడు. "ఏంటి ముసలోడా, వీళ్లకు పిచ్చా?"

తాత వంగి బూట్లు ఇంకాస్త పైకి లాక్కున్నాడు. లేచి చెప్పాడు. "ఇచ్చామని మీరే అచ్చేశారు గదయ్యా. ఇచ్చారు, తీసుకున్నాం. పనికి పోతున్నాం, అడ్డు లే."

ఆఫీసు ఊడ్చే ఆమెతో సహా ముప్పై రెండు జతల బూట్లతో కాలువలోకి దిగాం. గంటలో పోలీసులొచ్చారు. ప్రజాధనంతో కొన్న బూట్లు దొంగిలించామట! అందరినీ స్టేషనుకు తోలారు.

మధ్యాహ్నం మూడింటికి చైర్మన్ వచ్చాడు. మిగతా వార్డుల ఫొటోలు ఆగిపోయాయి, సాయంత్రానికి పంపకపోతే నిధి ఆగుతుంది. చేతిలో అక్క కాగితం, సంతకంతో సహా. "బూట్లన్నీ ఇక్కడ పెట్టండి. ఇది తీసుకుని పోండి."

నా చెయ్యి బూటు మీదికి పోయింది. అబద్ధమెందుకు, విప్పేదాన్నే. అక్క కాలు కన్నా నాకు బూట్లెక్కువా? ఎవరూ నన్ను ఆపలేదు. అన్న తలవంచుకుని తన బూటు పట్టుకున్నాడు.

అప్పుడే గుమ్మంలో గోల. రెండో వార్డు వాళ్లు, వెనక మూడో వార్డు వాళ్లు. అందరివీ బురద కాళ్లు. ముందున్న పొడుగాటావిడ పోలీసును తోసుకుని లోపలికొచ్చింది.

"మా బూట్లు వీళ్లు కాజేశారని మేస్త్రీ చెప్పాడు. మాకెప్పుడిచ్చారయ్యా బూట్లు? విప్పకండమ్మా! మేం ఫొటో దిగం. ఏ వార్డూ దిగదు. కాలు పోతున్న ఆ పిల్ల కాగితం ముందు ఇచ్చెయ్."

అందరూ స్టేషను నేల మీదే కూర్చున్నారు. చైర్మన్ జేబురుమాలు తీశాడు గానీ, అన్ని కాళ్ల మధ్య అది ఏం పనికొస్తుంది? కాగితం నా మీదికి విసిరాడు. "ముందు ఈ మందను బయటికి పంపండి" అని ఇన్‌స్పెక్టరు మీద అరిచాడు.

ఆ గోలలో జనంతో పాటు బయటపడి, బూట్లతోనే ఆస్పత్రికి పరుగెత్తాను. ఐదు కాకముందే అక్కను లోపలికి తీసుకెళ్లారు. తలుపు దాటేముందు చక్రాల బల్ల మీంచి నా కాళ్ల వైపు చూసింది.

"ఎవరివే అవి?"

"మనవే."

రెండు వేళ్లు పోయాయి, కాలు దక్కింది. ఆ మాట చెప్పడానికి స్టేషనుకు తిరిగి వెళ్లాను. దొంగతనం కేసు రాసేశారు, మావాళ్లు ముప్పై ఒక్కమందీ లోపలే ఉన్నారు. ఒక్కరూ విప్పలేదు. బయట మిగతా ఆరు వార్డుల జనం కూర్చుని ఉన్నారు. నా పేరు కూడా రాసుకోమని చెప్పి లోపలికి నడిచాను.