పొద్దుతిరుగుడు దుంపలు

మంగతాయారు మడిలో, వంగమొక్కల మధ్య పరాయి మొలక తలెత్తిన రోజే గొడవ మొదలైంది.

ఆ మొలక తారాదేవిది. పక్క మడిలో ఆమె నాటిన సన్‌చోక్ దుంపలది. సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లో వాళ్ళ బ్లాకు వెనక, చుట్టుపక్కల వాళ్ళంతా కలిసి కూరగాయలు పండించుకునే తోట ఉంది. తోట దాటితే రోడ్డు, రోడ్డు దాటితే అడవి. తారాదేవి భర్త కృష్ణప్రసాద్‌కు నలభై నిండకుండానే షుగర్ వచ్చింది. సైన్స్ పార్కు ఆఫీసులో అతని పక్క సీట్లో కూర్చునే డచ్ ఆయన ఒక సంచీ నిండా దుంపలిచ్చి, బంగాళాదుంపల బదులు ఇవి తినమన్నాడు. చూడ్డానికి అల్లం కొమ్ముల్లా ఉన్నాయి, కొరికితే చప్పచప్పగా, తియ్యతియ్యగా ఉన్నాయి. తారాదేవి అనంతపురం రైతు బిడ్డ. సగం వండి, సగం పాతిపెట్టింది.

అవి భుజాల ఎత్తుకు లేచి, చిన్న చిన్న పొద్దుతిరుగుడు పూలు పూశాయి. పైన పూలు చూసి అందరూ ముచ్చటపడ్డారు గానీ, కింద దుంపలు హద్దు చెక్క అడుగునుంచి దూరి మంగతాయారు వంగతోటలో తేలాయి. చిటికెడు ముక్క మట్టిలో మిగిలినా మళ్ళీ మొలిచే జాతి అది.

మంగతాయారుది కాకినాడ. భర్త వీరభద్రరావు ఓడల యార్డులో ఇంజనీరు. సింగపూర్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటడంతో ఆమె తెలుగులో మలయ్ మాటలు కలిసిపోయాయి.

"అలమాక్! ఏవిటమ్మాయ్ ఇది? ఒకటి పీకితే నాలుగు లేస్తున్నాయి. నా వంగమొక్కలు గిడసబారిపోతున్నాయి. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"పీకుతానే ఉండా కదా ఆంటీ. ఆదివారం తప్ప నాకు టైమ్ ఎక్కడిది?"

ఆ మాట నిజమే. అది 2007. చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే ఒక కంపెనీలో తారాదేవి టెస్టింగ్ లీడ్. ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు ట్రైన్ ప్రయాణం. ప్రాజెక్టులు ఒకదాని మీద ఒకటి వచ్చిపడుతున్న కాలం. కొత్తవాళ్ళు దొరక్క, ఉన్నవాళ్ళనే పిండేవారు. ఒక శనివారం సాఫ్ట్‌వేర్ రిలీజ్ బెడిసికొట్టింది. టీమంతా చూస్తుండగా మేనేజరు చేతిలో మార్కర్ బోర్డుకేసి విసిరికొట్టి, "నీకు కళ్ళున్నాయా? కళ్ళుండి పనిచేస్తున్నావా?" అని అరిచాడు. తప్పు ఆమెది కాదు. అయినా "సారీ" అంది. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు, నిద్రా పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే తోటకు వెళ్ళింది. దుంప మొక్కలన్నీ మొదలంటా నరికి పడి ఉన్నాయి. పూలు మట్టిలో బోర్లా పడ్డాయి. పక్క మడిలో మంగతాయారు పరాంగ్ కత్తి పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరు చేసినారు ఇది?"

"నేనే. ఓపిక పట్టీ పట్టీ విసుగెత్తిపోయింది."

"నా మొగుని కోసం పెట్టుకున్న చెట్లు అవి."

"మొగుడి మీద అంత ప్రేముంటే ఇంటిపట్టునుండి వండిపెట్టు. వారమంతా ఆఫీసుల చుట్టూ ఊరేగి, ఆదివారం వచ్చి నా ప్రాణం తియ్యడం కాదు."

మాట పూర్తికాలేదు. తారాదేవి చెయ్యి ఆమె చెంపమీద పేలింది. కళ్ళజోడు ఎగిరి నీళ్ళ గాడిలో పడింది. మంగతాయారు కత్తి వదిలేసింది, అదే ఇద్దరి అదృష్టం. రెండు చేతులా తారాదేవి జడ పట్టుకుని కిందికి గుంజింది. ఇద్దరూ వంగమొక్కల మీద పడ్డారు. తారాదేవి గోళ్ళు ఆమె బుగ్గ మీద కంటి దగ్గర్నుంచి దవడ దాకా దిగాయి. మంగతాయారు ఆమె మణికట్టు కొరికింది. చివరి మడి చైనా తాత గొట్టంతో నీళ్ళు కొడుతూ "పోలీస్! పోలీస్!" అని కేకలు పెడితేగానీ విడివడలేదు.

పోలీసుల దాకా ఎవరూ వెళ్ళలేదు. తారాదేవి మాత్రం వారమంతా హడలిపోయింది. ఇక్కడ చెయ్యిచేసుకోవడం చిన్న విషయం కాదు. కేసయితే ఉద్యోగం, ఈ దేశంలో ఉండనిచ్చే పాసు రెండూ పోతాయి. అంత భయంలోనూ చెంపదెబ్బ గుర్తొచ్చినప్పుడల్లా లోపల ఎక్కడో చల్లగా ఉండేది. అది తల్చుకుంటే తన మీద తనకే అసహ్యం వేసేది.

తర్వాతి శనివారం, పొద్దు వాలే వేళకి తారాదేవి మిగిలిన దుంపలు తవ్వుకుందామని చంకోల్ తీసుకుని దిగింది. చంకోల్ అంటే పొడుగు కర్రకు బిగించిన వెడల్పాటి పార. మంగతాయారు అప్పటికే తన మడిలోకి వచ్చిన దుంపలు తవ్వి కంచె పక్కన కుప్ప పోసింది. ఆమె బుగ్గ మీద గీతలు ఇంకా నల్లగా ఉన్నాయి. తారాదేవి తన మడిలోకి దిగి తవ్వడం మొదలుపెట్టింది.

కుప్ప దగ్గర కరకరమని నమిలే చప్పుడైంది. కంచె అడుగున వల చిరిగి ఉంది. అడవిపంది, ఆడది, మూతి మట్టిలో పెట్టి దుంపలు తింటోంది. దాని వెనక చారల పిల్లలు.

"హుష్! పో!" అంటూ మంగతాయారు మట్టిపెళ్ళ విసిరింది. పెళ్ళ వెళ్ళి ఒక పిల్లకు తగిలింది. అది కీచుమంది.

పంది వచ్చిన వేగానికి మంగతాయారు అరవడానికి కూడా వీల్లేకపోయింది. మోకాళ్ళ కింద గుద్ది పడేసి, తొడ నోట కరిచి తల విదిలించింది. బట్ట చిరిగిన చప్పుడు, ఆ వెంటనే అరుపు.

తారాదేవి ఒక్క క్షణం కదల్లేదు. అది భయమో మరొకటో ఎంత ఆలోచించినా తర్వాత ఆమెకు తేలలేదు. ఆపైన పరిగెత్తి చంకోల్ ఎత్తి వేసింది. మొదటి దెబ్బ వీపు మీద పడి జారింది. పంది తొడ వదిలి ఇటు తిరిగింది. రెండోది మూతి మీద. మూడోది చెవి పక్కన పడి లోపలికి దిగింది. పంది ముందుకాళ్ళ మీద కూలబడి పక్కకు ఒరిగింది. కాళ్ళు కొట్టుకుని ఆగిపోయాయి.

తారాదేవి మాత్రం ఆగలేదు.

"కళ్ళున్నాయా? కళ్ళున్నాయా నీకు?" అంటూ కొడుతూనే ఉంది. రక్తం మొహం మీదికి చిందింది. కర్ర అరచేతుల్లో బొబ్బలు లేపింది. ఆమెకు ఏమీ తెలియడం లేదు.

"తారా! చచ్చిందే అది! ఎప్పుడో చచ్చింది! చాలే తల్లీ!" మంగతాయారు పాక్కుంటూ వచ్చి ఆమె చీలమండ పట్టుకుంది.

తారాదేవి ఎత్తిన చంకోల్‌తోనే గిరుక్కున తిరిగింది. మంగతాయారు రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయింది. పంది మీదపడ్డప్పుడు కూడా ఆమె అలా ముడుచుకోలేదు.

చంకోల్ జారిపోయింది. చారల పిల్లలు కంచె కింద నుంచి చెల్లాచెదురుగా పారిపోతున్నాయి. ఒకటి మాత్రం వెనక్కొచ్చి తల్లి పొట్ట కింద మూతి దూర్చి వెతుక్కుంటోంది. తారాదేవి పక్కకు వంగి వాంతి చేసుకుంది. తర్వాత చున్నీ తీసి మంగతాయారు తొడకు బిగించి కట్టి, అంబులెన్స్‌కు ఫోన్ చేసింది.

ఆస్పత్రిలో పోలీసు అధికారి తారాదేవి ఎదుటే మంగతాయారును అన్నీ అడిగి రాసుకున్నాడు. ప్రాణరక్షణే కాబట్టి భయం లేదన్నాడు. చివర్లో బుగ్గ మీది పాత గీతలు చూపించి, ఇవేమిటన్నాడు.

"గులాబీ ముళ్ళు," అంది మంగతాయారు ఇంగ్లీషులో, తడుముకోకుండా.

అతను వెళ్ళాక తారాదేవి మంచం కడ్డీ పట్టుకుని తల వంచుకుంది. "ఎందుకట్ల చెప్పినారు ఆంటీ?"

"మరేం చెప్పమంటావ్? నేను నరికాను, నువ్వు కొట్టావ్." తర్వాత మెల్లగా అడిగింది. "ఆ దెబ్బలు పందివి కావు కదమ్మాయ్. నావేనా?"

"మీవి కొన్నే ఆంటీ," అంది తారాదేవి. ఏడుపు ఆగలేదు.

సోమవారం మేనేజరు మళ్ళీ గొంతు పెంచాడు. తారాదేవి బొబ్బల చేతులు బల్ల కింద పెట్టుకుని, "మెల్లగా మాట్లాడండి. నేను వింటానే ఉన్నాను," అంది. భయమేసింది. అతనంటే కాదు, తన చేతులంటే. అతను ఒకసారి ఆమె మొహం చూసి, ఎందుకో గొంతు తగ్గించాడు.

పందులు వస్తున్నాయని, దుంపలన్నీ తీసేయాలని తోట కమిటీ చెప్పింది. తర్వాతి ఆదివారం కృష్ణప్రసాద్, వీరభద్రరావు కలిసి రెండు మళ్ళూ తిరగేశారు. తారాదేవి కొన్ని దుంపలు ఉల్లి, ఎండుమిర్చి వేసి వేయించి డబ్బాలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. మంగతాయారు మొదట మొహం తిప్పుకుంది, తర్వాత డబ్బా ఖాళీ చేసింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్.

"ఏం పెట్టావే నాకు? రాత్రంతా పొట్ట డప్పులా ఉబ్బిపోయింది. ఒకటే గాలి. నర్సమ్మ కిటికీలు తెరిచింది. పంది తొడ చీలిస్తే, నువ్వు పొట్ట చీల్చేస్తున్నావు!"

తారాదేవి చాంగీ వెళ్ళే ట్రైన్‌లో నిలబడి ఉంది. నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అటువైపు మంగతాయారు నవ్వుతూ, కుట్లు లాగుతున్నాయని తిడుతూ, మళ్ళీ నవ్వుతోంది.

"ఈసారి కొంచెమే పెడతాలే ఆంటీ," అంది తారాదేవి.

"ఈసారి వంకాయ పట్రా," అంది మంగతాయారు.