తాత మాగ్నమ్‌కి కోత

మా కోడియాక్ దీవిలో ఎలుగుబంట్లు పెద్దవి. ఎంత పెద్దవంటే, ఒకటి నీళ్లు తాగడానికి వంగితే అవతలి ఒడ్డున పడవలు ఇసకలో కూర్చుంటాయి. నేను కళ్లారా చూశాను, పడవలో ఉన్నది నేనే.

మా సిమియోన్ మావయ్య బయటినుంచి వచ్చిన వేటగాళ్లని ఎలుగుల దగ్గరికి తీసుకెళ్తాడు. వాళ్ల వెనకాల ఇంకో మనిషి తుపాకీ పట్టుకుని నడవాలి. దెబ్బతిన్న ఎలుగు పొదల్లోంచి మీదకొస్తే ఆపాల్సింది ఆ వెనక తుపాకీయే. ఈ వసంతానికి ఆ చోటు ఖాళీ అయింది. నాకు కావాలన్నాను.

"నీకా? నా వీపు నీ చేతిలో పెట్టి నడవాలా? నా బూట్లలో చేపగుడ్లు పోసింది నువ్వు కాదటే ఫెన్యా?"

"తాజా గుడ్లే కదా మావయ్యా."

ఇక్కడ ఈ పనికి పరీక్ష ఒక్కటే. పాత టైరు మధ్యలో చెక్కముక్క బిగించి కొండ మీంచి దొర్లిస్తారు. అది మన కాళ్ల దాకా వచ్చేలోపు చెక్కలో రెండు తూటాలు దిగాలి. దిగితే చోటు నాది. దిగకపోతే వంటింట్లో పిండిలో చేపలు కూరి పిరోక్ రొట్టెలు చేసుకుంటూ కూర్చోవాలి.

మావయ్య తన ఫోర్ ఫిఫ్టీ ఎయిట్ మాగ్నమ్ తుపాకీ నా చేతిలో పెట్టాడు. "ఎలుగు పెద్దదైతే తుపాకీ పెద్దదవ్వాలి. అంతే లెక్క."

పేల్చాను. తూటా ఎటు పోయిందో తెలీదు. నేను మాత్రం నిన్నటి రోజులోకి వెళ్లిపడ్డాను. తేరుకుని ఇవాళ్టికొచ్చేసరికి భుజం వంకాయ రంగులో ఉంది.

మత్రోనా అత్త, అంటే మావయ్య భార్య, ఊళ్లో తుపాకులన్నీ బాగుచేసేది ఆవిడే. పడవల షెడ్డులో నా భుజానికి మంచు అద్ది, గోడ మీంచి మా తాత పాత తుపాకీ, త్రీ సెవెంటీ ఫైవ్ మాగ్నమ్, దింపింది.

"ఇదీ ఎలుగుని ఆపుతుందే. ఆ గాడిదలా తన్నదు. మొదటి తూటా తగిలినా ఎలుగు రావడం మానదు. రెండోది ఎంత తొందరగా కొడతావో అదే చూసుకో."

అంతా బానే ఉంది గానీ తాత పొడుగు. కింద నిలబడే లైట్‌హౌస్ అద్దాలు తుడిచేవాడు. ఆయన కొలతకి చేసిన ఆ తుపాకీ వెనక చెక్క నా భుజానికి ఆనేలోపు ఎలుగు నన్ను తిని, టీ తాగి, వెళ్లిపోతుంది.

"కోసేద్దాం అత్తా."

ఆవిడ నా వంక చూసి, రంపం నాకే ఇచ్చింది.

చెక్క వెనకభాగం బొటనవేలి వెడల్పు కోసి మెత్తటి రబ్బరు బిగించాం. ఆల్డర్ పొదల్లో కొమ్మలకి తగులుకోకుండా గొట్టం పొట్టిచేశాం. గొట్టం మీదున్న దుర్భిణి పీకేశాం, వాన పడితే దాంట్లో కనిపించేది పొగమంచే. దాని బదులు గురి చూడ్డానికి వెనక పెద్ద రంధ్రం, ముందు తెల్లటి గురిపూస పెట్టాం. పొద్దస్తమానం కళ్లు మూసుకుని తుపాకీ భుజానికెత్తేదాన్ని. కళ్లు తెరిస్తే పూస రంధ్రం మధ్యలో ఉండాలి. ఉండేదాకా చెక్కని అరగదీశాను.

మావయ్య చూసి ఎర్రబడ్డాడు.

"మా నాన్న తుపాకీని కోశావా! తుపాకీకి తగ్గట్టు మనిషి ఎదగాలే!"

"ఎదుగుతాను మావయ్యా. ఈలోగా ఎలుగుని ఆగమను."

"రేపు టైరు దగ్గర చూద్దాం నీ నోరు."

మర్నాడు సగం ఊరు కొండ కింద చేరింది. ముందు తాను పేల్చి చూపిస్తానన్నాడు మావయ్య. ఆయన తూటాల బెల్టులో మందు లేని ఉత్తుత్తి తూటా ఒకటి దూర్చింది నేనే. ఎవరు దూర్చారని ఊళ్లో ఒక్కరూ అడగలేదు, మర్యాదస్తులు.

మొదటిది ధన్ మంది. రెండోసారి టిక్ మంది, అంతే. పేలని తూటాకి మావయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు, గొట్టం జానెడు కిందకి దిగింది, భుజం వెనక్కెళ్లింది. ఎలుగులంటే భయం లేని మనిషి తన తుపాకీ తన్నుకి బెదురుతున్నాడని అందరికీ కనపడిపోయింది.

అత్త మెల్లిగా అంది, "పెద్ద తుపాకీ కదయ్యా, పాపం."

జనం నవ్వారు. మావయ్య నవ్వలేదు. "దొర్లించండి దీని టైరు," అన్నాడు.

కొండంతా గంతులేస్తూ వచ్చింది టైరు. తుపాకీ ఎత్తాను. పూస తానే వచ్చి రంధ్రంలో కూర్చుంది. పేల్చాను. రెండో తూటాకి బోల్టు లాగాను. టైరు రాయికి తగిలి గాల్లోకి ఎగిరింది, అది కిందకి దిగేచోట మళ్లీ పేల్చాను. టైరు నా బూటు ముందుకొచ్చి పడిపోయింది.

మావయ్య మోకాళ్ల మీద కూర్చుని చెక్కలో బొక్కల్లో వేలు పెట్టి చూశాడు. రెండూ నా ఒక్క అరచేతి కింద పట్టేంత దగ్గరగా ఉన్నాయి. నా తుపాకీ తీసుకుని గురిచూశాడు. చెక్క పొట్టిదవడంతో ఆయన బొటనవేలు వెళ్లి ముక్కుని గుద్దింది.

"ఇది నాకు సరిపోదు," అన్నాడు ముక్కు రుద్దుకుంటూ.

"నీకోసం కాదుగా మావయ్యా."

తుపాకీ తిరిగిచ్చేముందు తాత చెక్కని అరచేత్తో ఒకసారి తుడిచాడు. "సోమవారం పడవ ఎక్కు. నా వెనకే నడువు."

సాయంత్రం భోజనాల దగ్గర నన్ను ఒక్క మెచ్చుకోలు మాటా అనలేదు. తిని లేచి, ఊరూ ఊరూ మాట్లాడుకునే రేడియో దగ్గరికెళ్లి, మైకు పట్టుకుని దీవిలో ఊళ్లన్నీ వినేలా గొంతెత్తాడు.

"వింటున్నారా? మా మేనకోడలు ఫెన్యా, ఇవాళ నాలుగు టైర్లు ఒకేసారి దొర్లిస్తే..."

అత్త నా వంక చూసింది. నేను ఆయనకి టీ పోసి, వినేవాళ్లకి ఇబ్బంది లేకుండా మైకుని ఆయన నోటికి ఇంకాస్త దగ్గరికి జరిపాను.