తుడిస్తే పోయే గీత

ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. ముసురు పట్టి అది మూడో రోజు. మెట్లెక్కినప్పటి నుంచి ఎడమ భుజం లాగుతూనే ఉన్నా, ఫొటో స్టూడియో వెనక గదిలో ఆవిడ ఏటవాలు బల్లను కిటికీ వెలుతురుకు జరుపుకొని, పెన్సిలును గరుకు కాగితంపై సూదిమొన తేలేదాకా అరగదీసింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె పని అదే: నెగెటివులపై ఆడవాళ్ళ ముఖాల ముడతలను పెన్సిలుతో పూడ్చడం, తెల్లబడిన మచ్చలను చాకుమొనతో గీకడం. మగవాళ్ళ జోలికి పోనక్కరలేదు. వాళ్ళకు గీతలే హుందా అని యజమాని నమ్మకం.

పెన్సిలు గీత తుడిస్తే పోతుంది. చాకు గీకినది తిరిగి రాదు. పనిలో చేరిన కొత్తలో, నేర్పు చూపించాలన్న ఉబలాటంలో, తన తల్లిది ఉన్న ఒకే ఒక్క నెగెటివులో కనుబొమ పైనున్న మచ్చను ఆమె గీకేసింది. ఏడాది తిరగకుండా తల్లి పోయింది. ఆ మచ్చ కుడివైపుదో ఎడమవైపుదో ఇప్పుడు ఎంత తలచుకున్నా గుర్తురాదు. ఇంటి గోడమీద నున్నటి ముఖంతో ఎవరో నవ్వుతుంటారు.

ఆనాటి నెగెటివు ఇనుప పోత కార్ఖానా మేస్త్రిది. కార్ఖానా గోడపై ఐదుగురు మేస్త్రీల పక్కన వేలాడబోయే ఆరో ఫొటో. ఆడమనిషిది అదే మొదటిది. దవడ పొడవునా పాత కాలిన మచ్చ. ఫొటో కోసం వచ్చిన ఆ మేస్త్రి నేరుగా వెనక గదిలోకే వచ్చేసింది.

"అక్కా, నా మచ్చ తీసేస్తారటగా?"

"అందరికీ తీస్తాం."

"తీసేస్తే మావాళ్ళు నన్నేం పోల్చుకుంటారు? ఎవరో మేస్త్రి పెళ్ళాం అనుకుంటారు!"

ముందుగది నుంచి యజమాని కేకవేశాడు. "గీకెయ్యమ్మా! ఆడకూతురి ముఖం అలా పంపిస్తే నా పరువేం కాను?"

ఆమె చాకు ఎత్తింది. మొన మచ్చను తాకబోయి ఆగింది.

"ఇది నావల్ల కాదు బాబూ."

"కాకపోతే రేపట్నించి రాకు."

"అలాగే."

చాకుపని తెలిసినవాళ్ళు అక్కడ మరొకరు లేరు. మేస్త్రి అక్కడే నిలబడి, ఉన్నదున్నట్టుగా ఫొటో అచ్చువేయించుకొని కదిలింది. ఆవిడ చాకును బల్లమీదే వదిలి, పెన్సిలును మాత్రం సంచిలో వేసుకొని ఇల్లు చేరింది. సాయంత్రం వాన వెలిశాక పక్కింటావిడ వచ్చి పిలిచింది. కుర్చీలో ఒరిగిన ఆవిడ ఒళ్ళు అప్పటికే చల్లబడింది.

పన్నెండేళ్ళ తరువాత ఆ ఇంట్లో అద్దెకు దిగినవాళ్ళకు అలమార అడుగున, నున్నటి ముఖంతో నవ్వుతున్న ఒక స్త్రీ ఫొటో దొరికింది. రెండు కనుబొమల పైనా, తుడిస్తే పోయేంత పలుచగా, చెరొక పెన్సిలు గీత ఉంది.