నాలుగింటి వెలుతురు

సోమవారం వచ్చిందంటే యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ విభాగం పిల్లలకి పొద్దున్న తిన్నది అరగదు. ఆ రోజు విమర్శ క్లాసు. వారమంతా తీసిన ఫొటోల్ని ఎవరికి వాళ్ళు గోడకున్న మెత్తటి పలకకి గుండుసూదులతో గుచ్చి పక్కన నిలబడాలి. ఫొటో తీసినవాళ్ళు అడిగితే తప్ప నోరు మెదపకూడదు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి దాన్ని చీల్చి చెండాడాలి. పొరపాటున ఎవరైనా బాగుందంటే మాస్టారు "అయితే తీసుకెళ్ళి మీ ఇంట్లో పెట్టుకో" అనేవాడు. అందుకని ఆ మాట ఎవరూ అనేవారు కాదు.

ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏ ఫొటో చూపించినా టీ చప్పరిస్తూ "ఉప్పు లేదు" అంటాడు కాబట్టి ఆయన ఉప్పు మాస్టారు.

ఆ సోమవారం పొడుగు కుర్రాడు గుచ్చిన ఫొటోలో ఖాళీ పడక్కుర్చీ ఒక్కటే ఉంది.

"మనిషేడీ?" అన్నాడు ఉప్పు మాస్టారు.

"మా తాతయ్య సార్. నిన్నటిదాకా ఉన్నాడు. పొద్దున్న టీవీ రిమోట్ దగ్గర మాటా మాటా అనుకున్నాం."

"అలిగి లేచిపోయాడన్నమాట. మనిషి లేని ఫొటోకి మార్కుల్లేవని మొదటి ఏడాదే చెప్పాను. పో, వెళ్ళి బతిమాలుకో. వచ్చి కూర్చుంటే అప్పుడు చూద్దాం."

కుర్రాడు ఖాళీ కుర్చీ ఫొటోని చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. ఇందులో వింతేమీ లేదు. ఫొటోల్లో మనుషులు అలిగి లేచిపోవడం ఎక్కడైనా ఉన్నదే. పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళు భోజనాల దగ్గర మొదలైన గొడవలు సర్దుమణిగేదాకా ఆల్బమ్ కట్టరు. ప్రతి ఇంట్లోనూ ఒక గుంపు ఫొటో, అందులో నడిమధ్య ఒక ఖాళీ ఉంటాయి. ఆ ఖాళీలో ఉండాల్సిన మేనమామకి ఎవరితో మాటల్లేవో ఇంటికొచ్చిన చుట్టాలందరికీ తెలుసు.

గోడ చివర నిలబడ్డ అమ్మాయిని అందరూ బల్లి అంటారు. గోడల్ని పట్టుకు పాకుతూ కెమెరా టిక్కుమనిపిస్తుందని మొదటి ఏడాది ఎవడో పెట్టిన పేరు అలా అంటుకుపోయింది. ఆమె ఆ క్లాసులో ఒక్కరినీ ఇష్టపడలేదు, వాళ్ళూ ఆ బాకీ ఉంచుకోలేదు. కిందటేడు ఆఖరి ప్రదర్శనకి ఆమె మెట్లూ, టీ కప్పులూ, తడిసిన గొడుగులూ తీసింది. గొడుగులు అలగవు కదా అని ఆమె ధైర్యం. అలగలేదు, నిజమే. ఉప్పు మాస్టారు మాత్రం గోడ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచి, ఉప్పు లేదని కూడా అనకుండా పరీక్ష తప్పించేశాడు. ఇంకొక్కసారే అవకాశం. ఈసారీ తప్పితే పేరు కొట్టేస్తారు.

"ఈసారి పోతే కెమెరా అటక మీదికి, నువ్వు నా కొట్లోకి" అన్నాడు నాన్న. ఆయనది కళ్ళజోళ్ళ కొట్టు. జీవితమంతా జనం ముక్కు మీద అద్దాలు మారుస్తూ, ఇప్పుడు మసగ్గా ఉందా, ఇప్పుడు బాగుందా అని అడుగుతూ బతకాలన్న ఊహకే బల్లికి ఊపిరాడేది కాదు.

అలాంటప్పుడు అక్క మొగుడితో తెగతెంపులు చేసుకుని పెట్టె పట్టుకుని వచ్చింది. వచ్చీరాగానే కిటికీ పక్క మంచం ఆక్రమించింది. అది బల్లి మంచం. "కొన్నాళ్ళు సర్దుకోవే" అంది అమ్మ. సర్దుకోవడం ఎప్పుడూ చిన్నవాళ్ళ వంతే అనుకుంటూ బల్లి తన పరుపు బీరువా పక్కకి ఈడ్చుకుంది.

ఒక సాయంత్రం గదిలోకి వచ్చేసరికి అక్క ఆ మంచం మీద కూర్చుని ఏడుస్తోంది. నాలుగింటికి ఎదుటి మేడ అద్దాల మీద పడ్డ ఎండ అటు తిరిగి ఇటు తిరిగి వాళ్ళ కిటికీలోకి వస్తుంది. అది అక్క చెంప మీద, తడి మీద పడుతోంది. వేరే చెల్లెలైతే పక్కన కూర్చునేది. బల్లి కెమెరా ఎత్తింది. వీధిలో లారీ హారన్ మోతకి టిక్కుమన్న చప్పుడు అక్కకి వినపడలేదు.

ఆ ఫొటో ముందు ఉప్పు మాస్టారి టీ గ్లాసు నోటి దగ్గర ఆగిపోయింది.

"ఎవరీవిడ?"

"మా అక్క సార్."

"ఇలాంటివి ఇంకా పట్రా. గోడ నిండా కావాలి."

కావాలంటే ఎక్కణ్ణుంచి వస్తాయి? అక్క పగలంతా రాయిలా ఉండేది. పేపర్లో ఉద్యోగాల ప్రకటనలు చూసేది, అమ్మతో పోట్లాడేది, కరెంటు పోతే కరెంటువాళ్ళని తిట్టేది. వెలుతురు చూసుకుని ఏడవడం ఆమెకి చేతకాదు. ఆ సంగతి బల్లి చూసుకుంది.

"అక్కా, ఇవాళ బస్సులోంచి బావని చూశాను."

తల దువ్వుకుంటున్న అక్క చెయ్యి ఆగింది. "ఎక్కడ?"

"మార్కెట్ దగ్గర. కొత్త చొక్కా వేసుకున్నాడు."

"ఒక్కడేనా?"

"పక్కన ఎవరో ఉన్నారు. ఇద్దరూ నవ్వుకుంటున్నారు."

బావా లేడు, బస్సూ లేదు. వెలుతురు మాత్రం సరిగ్గా వచ్చింది. మర్నాడు బావ ఎవరి దగ్గరో అక్కని గొడ్రాలన్నాడనీ, ఆ పై వారం అక్క చీరలు పనిమనిషికి ఇచ్చేశాడనీ చెప్పింది. అన్నీ నాలుగు కొట్టే వేళకే. ఒకసారి అక్క ముక్కు తుడుచుకుంటూ "నన్ను తీస్తున్నావా ఏమిటే?" అనడిగింది.

"నిన్నెందుకు తీస్తాను? కిటికీని తీస్తున్నా. నీకు తెలుసుగా, నేను మనుషుల్ని తీయను."

వంటింట్లో అమ్మ నిలదీసింది. "దానికా కబుర్లన్నీ ఎందుకు మోస్తున్నావే? పుండు మీద కారం చల్లినట్టు."

"అడిగింది, చెప్పాను."

తను చేస్తున్నది పాపిష్టి పని అని బల్లికి తెలుసు. తెలిసే చేసింది. రాత్రి పక్క మంచం మీంచి అక్క నిద్రపట్టక దొర్లుతున్న చప్పుడు వింటూ, రేపటికి ఏం చెప్పాలా అని ఆలోచించుకుంటూ నిద్రపోయేది.

ప్రదర్శనకి ముందు సోమవారం ఆమె టిఫిన్ డబ్బా ఇంట్లో మరిచిపోయింది. ఉద్యోగం ఇంటర్వ్యూకి అటువైపే వెళ్తున్న అక్క చేతికిచ్చి పంపింది అమ్మ. విమర్శ క్లాసు మంచి జోరు మీద ఉండగా అక్క వచ్చి వెనక తలుపు దగ్గర నిలబడింది. గోడ నిండా ఆమే ఉంది.

"ఈ ముఖంలో ఓటమి సరిపోలేదు" అంటున్నాడు పొడుగు కుర్రాడు.

"ముక్కు చీదడం నాకు నచ్చలేదు. అందం చెడింది" అంది ఇంకో అమ్మాయి.

"ఉప్పుంది" అన్నాడు మాస్టారు. "ఉందిగానీ, ఈవిడ ఇంకా ఏదో గుట్టుగా దాచుకుంటోంది. ఇంకాస్త కదిలించు."

"కదిలించడానికి ఇంకేం మిగిలింది సార్?"

అందరూ వెనక్కి తిరిగారు. గోడ మీద ముఖాన్నీ తలుపు దగ్గర ముఖాన్నీ మార్చి మార్చి చూశారు. అక్క డబ్బా పట్టుకుని ముందుకొచ్చి, ఒక్కో ఫొటో దగ్గరా ఆగుతూ గోడంతా చూసింది. ఆమెకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అన్నిట్లోనూ ఒకటే ఎండ" అంది. "నాకు రోజూ ఆ వేళకే ఏడుపెందుకొస్తోందా అనుకునేదాన్ని. ఆ బస్సులోంచి బావ కనిపించాడా, లేదా?"

ఫొటో తీసినవాళ్ళు మాట్లాడకూడదన్న నియమం మొదటిసారి బల్లికి పనికొచ్చింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని వసారాలోకి లాక్కెళ్ళింది.

"తీసెయ్ వాటిని."

"ప్రదర్శన అవ్వగానే తీసేస్తాను."

"ఇప్పుడు."

"తీయను! నా పేరు కొట్టేస్తారు. నీ కాపురం ఎలాగూ చెడగొట్టుకున్నావు, నా చదువు జోలికి రాకు."

అక్క టిఫిన్ డబ్బా జాగ్రత్తగా నేల మీద పెట్టింది.

"లేచిపోతావా వాటిల్లోంచి?" అనడిగింది బల్లి.

"లేచి రావడం ఒకసారి చేశాను, చాలు. మళ్ళీ మళ్ళీ నేనే ఎందుకు లేవాలి? నా మంచం, నా కిటికీ. అక్కడే ఉంటాను."

బతిమాలుకోమని క్లాసులో శత్రువులు కూడా సలహా ఇచ్చారు. బల్లి బతిమాలలేదు. లేచిపోనని అక్క నోటితోనే చెప్పింది కదా అనుకుంది. అయినా అనుమానం తీరక గంటకోసారి ఆ ఫొటోల్ని బయటికి తీసి చూసుకునేది. అక్క ఎక్కడిదక్కడ కూర్చునే ఉంది.

ప్రదర్శన రోజున బయటి యూనివర్సిటీ నుంచి పరీక్షకురాలు వచ్చింది. ఇస్త్రీ చీర, ఇస్త్రీ ముఖం. ఆవిడ బల్లి గోడ దగ్గరికి వచ్చి కళ్ళజోడు సవరించుకోగానే, మొదటి ఫొటోలో అక్క ముక్కు తుడుచుకుంది. కాళ్ళు కింద పెట్టి లేచింది. కిటికీ రెక్కలు రెండూ దగ్గరికి లాగి గడియపెట్టింది. ఫొటో నల్లగా అయిపోయింది. రెండో దాంట్లోనూ అంతే. ఆ పక్కదాంట్లో దువ్వెన పక్కన పెట్టి మరీ లేచింది. చూస్తుండగా గోడ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చీకటైంది.

పొడుగు కుర్రాడు కిసుక్కున నవ్వాడు.

"మనిషి ఉందా, లేచిపోయిందా?" అంది పరీక్షకురాలు.

ఉప్పు మాస్టారు ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. "ఉంది మేడమ్. రెక్కల సందులోంచి సన్నగా వెలుతురొస్తోంది చూడండి, భుజం కనపడుతోంది. మళ్ళీ వచ్చి మంచం మీదే కూర్చుంది."

ఆవిడ చాలాసేపు చూసింది. ఇస్త్రీ ముఖం కాస్త నలిగింది. "నన్ను చూడొద్దంటున్న మనిషిని చూపించడం. ఇంత పెద్ద పని విద్యార్థుల దగ్గర నేను చూడలేదు" అని బల్లివైపు తిరిగింది. "ఒక్కటి చెప్పమ్మా. ఇది నువ్వు ముందే అనుకుని చేసిందేనా? కాకపోతే ఇవి చెడిపోయిన ఫొటోలు, నేను మార్కులు వేయలేను."

మాస్టారు ఆవిడ వెనక నిలబడి, ఔననమని తల ఊపుతున్నాడు. బల్లికి నాన్న కొట్లో కుర్చీ కళ్ళముందు మెదిలింది.

"ఔను మేడమ్" అంది. "అంతా నేనే అనుకుని చేశాను."

యూనివర్సిటీ మొత్తానికి ఆమే మొదటి స్థానం. ఆ రోజు క్లాసులో ఇద్దరు ముగ్గురు బాగుందన్నారు కూడా. ఇంటికొచ్చి చెబితే నాన్న కొట్టు మూసి మరీ వచ్చాడు. అక్క మాత్రం ఒక్కటే అడిగింది.

"నల్లబడ్డాయటగా. ఏం చెప్పావు?"

"నేనే చేశానని."

పుట్టింటికి వచ్చాక అక్క నవ్వడం అదే మొదటిసారి. "నీ మొహం మీద మూసిన కిటికీ కూడా నీ ఖాతాలోకే వేసుకున్నావన్నమాట!" అంది. ఆ నెలాఖర్లో ఉద్యోగం వచ్చి, వేరే గది చూసుకుని వెళ్ళిపోయింది. కిటికీ పక్క మంచం మళ్ళీ బల్లిదయింది.

మొదటి స్థానం వచ్చిన అమ్మాయని పేరున్న స్టూడియోవాళ్ళు పిలిచి ఉద్యోగమిచ్చారు. మొదటి రోజు ఒక బ్యాంకు మేనేజరుకి ఫొటో తీసింది. ఆయన చక్కగా నవ్వుతూ కూర్చున్నాడు. ప్రింట్ వేశాక చూస్తే, అందులో ఆయన నవ్వు ఆపి, కుర్చీలోంచి లేచి, దీపం ఆర్పేశాడు. తర్వాత ఒక పెళ్ళికూతురు కర్టెన్ లాగేసుకుంది. వీధిలో దర్జీని తీస్తే షట్టర్ దించేసుకున్నాడు. నెలల పసివాడికి దీపం ఆర్పడం రాదు కాబట్టి వాళ్ళమ్మ ఆర్పింది. ఎవరూ లేచి వెళ్ళిపోలేదు. అందరూ లోపలే ఉన్నారు, చీకట్లో.

"వీళ్ళని నువ్వేం అన్నావు?" అన్నాడు స్టూడియో యజమాని.

"ఏమీ అనలేదండీ."

"ఏదో అనే ఉంటావు. ఇంతమంది ఊరికే తలుపులేసుకోరు" అని ఆయన ఆమెని పంపేశాడు.

బల్లి అక్కకి ఫోన్ చేసింది. క్షమించమని అడగాలనే అనుకుంది. తీరా అక్క గొంతు వినగానే ముందు పని కానిద్దాం అనిపించింది.

"అక్కా, నా ఫొటోల్లో అందరూ తలుపులేసుకుంటున్నారు. వాళ్ళకి కాస్త చెప్పవే."

"ఎవరికి చెప్పను? నేను మూసింది నా కిటికీ ఒక్కటే. వాళ్ళవి వాళ్ళెందుకు మూశారో వాళ్ళనే అడుగు." ఫోన్ పెట్టేసింది.

మర్నాటి నుంచి కొట్టుకి రమ్మన్నాడు నాన్న. బల్లి వినలేదు. లోకంలో తన మీద అలగడానికి వీల్లేని మనిషి ఇంకా ఒకరున్నారని ఆమెకి తట్టింది. నాలుగింటికి కెమెరా స్టాండు మీద పెట్టి, తనే వెళ్ళి కిటికీ పక్క మంచం మీద కూర్చుంది. ఎదుటి మేడ మీంచి వెలుతురు వచ్చింది. కెమెరా తనంతట తను టిక్కుమంది.

స్నానాల గదిలో ఎర్ర బల్బు వేసి, కాగితాన్ని ట్రేలో మందునీళ్ళలోకి జార్చింది. ముందు కిటికీ తేలింది. తర్వాత మంచం, ఆ తర్వాత ముఖం. ఆ ముఖం తడిసిపోయి ఉంది. తను ఏడ్చినట్టు ఆమెకి గుర్తులేదు. ఉప్పుంది, అనుకుంది మొట్టమొదట. ఇన్నాళ్ళకి ఒక మంచి ఫొటో పడింది.

ఫొటోలోని అమ్మాయి తలెత్తి, ట్రే మీదికి వంగిన ఆమెను కాసేపు చూసింది.

"వద్దు" అంది బల్లి. "వద్దే, నేనే."

అమ్మాయి కళ్ళు తుడుచుకుని, లేచి వెళ్ళి, కిటికీ మూసేసింది.